ఆగ్నేయంలో మంచినీళ్ల నుయ్యి

బావ పోయాడు, పెద్దకార్యం కూడా అయిపోయింది. అమలాపురంలో వాళ్ల వీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఫ్లెక్సీలు కట్టారు. ప్రతిదాని మీదా బావ నల్లకళ్లద్దాలు పెట్టుకుని, రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు. బతికుండగా ఆయన అలా చేతులు జోడించడం నేను చూసింది బేరం కుదిరేటప్పుడు మాత్రమే. ఒక ఫ్లెక్సీ మీద 'ఎన్నో కుటుంబాలకు గూడు కల్పించిన మహనీయుడు' అని ఉంది. ఎవరు రాయించారా అని కనుక్కున్నాను. బావ దగ్గర ఇల్లు కొని, మొదటి వానాకాలానికే గోడలు చెమ్మ దిగితే, నాచేత మరమ్మతు చేయించుకుంటూ బావని నోటికొచ్చినట్టు తిట్టిన పెద్దమనిషే. భోజనాలు మాత్రం బాగున్నాయి. పనసపొట్టు కూర తింటూ అందరూ బావ మంచితనాన్ని చెప్పుకున్నారు. ఇప్పుడు అక్క ఒక సంస్మరణ సంచిక వేయిస్తోంది. తొలిరోజుల్లో ఆయనతో కలిసి పనిచేసినవాళ్లలో నువ్వొక్కడివే మిగిలావు, రెండు పేజీలు రాసివ్వరా అని ఫోన్ చేసింది. సరేనన్నాను. రాయడానికి కూర్చుంటే ఇది వచ్చింది. ఆ సంచికకి ఇది పనికిరాదని తెలుసు, అయినా ఆపబుద్ధి కాలేదు.

ముందే చెప్పేస్తాను. ఉండడానికి ఇల్లు కొనుక్కునేవాళ్లంటే నాకు గౌరవం. అమ్మడానికి ఇల్లు కొనేవాళ్లంటే ఒళ్లు మంట. నా బతుకంతా వాళ్ల పనులు చేసే గడిచింది కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. ఉండబోయేవాడు కాంట్రాక్టరుతో మాట్లాడితే, మా అమ్మకి మోకాళ్ల నొప్పులండి, మెట్లు తక్కువ ఎత్తులో పెట్టండి అంటాడు. పిల్ల చదువుకోవడానికి కిటికీ దగ్గర వెలుతురు రావాలండి అంటాడు. అమ్మబోయేవాడికి ఆ గొడవ లేదు. పై పూతకి ఎంతవుతుంది, మనం చేతులు దులుపుకునేదాకా నిలుస్తుందా, అంతవరకే. ఇల్లు చూడడానికి వచ్చేవాళ్లని ఎండ కాసే రోజునే రమ్మంటాడు. చెమ్మ గోడకి బీరువా ఆనించి పెట్టమంటాడు. పాత ఇంటిని బాగుచేయడం తప్పని నేననను. పెంకులు దింపి, పుచ్చిపోయిన వాసాలు మార్చి, కుంగిన గుమ్మాన్ని ఎత్తి నిలబెట్టి, ఇంటికి ఇంకో తరం ఆయుష్షు పోయడంకన్నా నాకు నచ్చిన పని లేదు. బావ చేసింది అది కాదు. శవానికి పౌడరు రాయడం లాంటిది ఆయన పని. ఆ పౌడరు డబ్బా కొన్నేళ్లపాటు నా చేతిలోనే ఉంది.

మా నాన్న తాపీ మేస్త్రి. తర్వాత్తర్వాత చిన్నచిన్న కాంట్రాక్టులు పట్టాడు గానీ, ఎవరైనా 'కాంట్రాక్టర్ గారూ' అని పిలిస్తే ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగి చూసేవాడు. మా ఊరు అమలాపురం నుంచి ఓడలరేవు వెళ్లే దారిలో, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉంటుంది. మా పెరట్లో సున్నం గొయ్యి ఉండేది. సున్నపురాళ్ల మీద నీళ్లు పోసినప్పుడు బుసబుసా లేచే వేడి ఆవిరి, అమ్మ పొయ్యిలో కాలే కొబ్బరి డొక్కల పొగ, రెండూ కలిస్తే మా ఇంటి వాసన. నాన్న తెల్లవారకముందే లేచి, తాపీనీ, గోడ నిలువు చూసే దారాన్నీ తడిగుడ్డతో తుడిచి సంచిలో పెట్టుకునేవాడు. పెరుగు కలిపిన చద్దన్నం, పక్కన పచ్చి ఉల్లిపాయ. అది తింటున్నంతసేపూ ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. అమ్మ ఇంట్లోకి కావలసినవన్నీ ఆ సమయంలోనే చెప్పేది. అప్పుడైతే కాదనడానికి ఆయన నోరు ఖాళీగా ఉండదు కదా అని నవ్వేది.

నాన్నకి ఒక అలవాటు ఉండేది. ఎక్కడ పని మొదలుపెట్టినా ముందు అక్కడి నీళ్లు తెమ్మనేవాడు. తాగడానికి కాదు. పుక్కిట పట్టి, కళ్లు మూసుకుని, కాసేపు ఉంచి ఊసేసేవాడు. మా వైపు భూమిలో పైపైన కాస్త లోతు వరకే మంచినీళ్లు, ఇంకా కిందికి పోతే ఉప్పు. ఒక దొడ్లో నుయ్యి తియ్యగా ఉంటే గోడ అవతలి దొడ్లో నీళ్లు నోట పెట్టలేం. ఉప్పునీళ్లతో కలిపిన సిమెంటు తన లోపలి ఇనుముని తనే తినేస్తుంది. అందుకని ఏ నూతి నీళ్లతో పని జరగాలో నాన్న నాలుక తేల్చేది. పోనుపోను అదొక ఆచారమైపోయింది. కొత్తగా నుయ్యి తవ్వించినవాళ్లు, స్థలం కొనబోయేవాళ్లు, పెళ్లివంటలకి నీళ్లు ఎక్కడివి తేవాలో తేల్చుకోలేనివాళ్లు కూడా నాన్నకి కబురు పెట్టేవారు. సైకిలు తొక్కుకుంటూ వెళ్లేవాడు. అందుకోసం ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. బాగున్నాయంటే బాగున్నట్టు, లేవంటే లేనట్టు. ఎవరి మొహమాటానికీ ఆ మాట మారేది కాదు. దానివల్ల కొందరికి నాన్నంటే కోపంగా కూడా ఉండేది, అయినా వాళ్లూ ఆయననే పిలిచేవారు.

బావ పేరు సూర్యారావు, అందరికీ సూర్రావు. మా భాగ్యం అక్కని చేసుకునేనాటికి అమలాపురంలో ఒక రంగుల కొట్లో గుమస్తా. మర్యాదలో ఆయన్ని మించినవాడు లేడు. ఎదుటివాడు ఏమన్నా 'ఆయ్, అలాగేనండి' అనేవాడు, తర్వాత తను చేయాలనుకున్నదే చేసేవాడు. గ్యాసు కోసం మా వైపు రిగ్గులు దిగిన రోజులవి. ఎక్కడెక్కడి ఇంజినీర్లో అద్దె ఇళ్ల కోసం తిరుగుతున్నారు. ఇంకోవైపు వరిచేలు రొయ్యల చెరువులైపోయి, కొత్త డబ్బు చేతిలో ఆడుతోంది. పెంకుటింట్లో ఉండడం నామోషీ అయిపోయింది. బావ ఇదంతా రంగుల కొట్టు గుమ్మంలో నిలబడి చూశాడు. కొట్టు మానేసి, పాత ఇళ్లు కొని బాగుచేసి అమ్మే వ్యాపారం మొదలుపెట్టాడు. పని నాకిచ్చాడు. నేనప్పటికి నాన్న చేతికింద పని నేర్చుకుని సొంతంగా మనుషుల్ని పెట్టుకున్న కొత్త. బావమరిదివి కాబట్టి నమ్మకం అన్నాడు. బావమరిదిని కాబట్టి డబ్బు ఎప్పుడిచ్చినా ఫరవాలేదని ఆ మాటకి అర్థమని నాకు మెల్లగా తెలిసింది.

జనానికి వాస్తు పిచ్చి పట్టింది కూడా ఆ రోజుల్లోనే. నిక్షేపంలాంటి వంటిళ్లు పగలగొట్టుకున్నారు, మెట్లు ఇటువి అటు తిప్పుకున్నారు, రోజూ నడిచే గుమ్మాలకి ఇటుకలు పెట్టి మూసుకున్నారు. బావకి వాస్తు మీద ఇసుమంత నమ్మకం లేదు. కానీ ఒక సిద్ధాంతి గారితో స్నేహం చేశాడు. బావకి ఏదైనా ఇల్లు నచ్చితే, ఆ ఇంటి మీదుగా ముందు సిద్ధాంతి గారు వెళ్లేవారు. దాహం వేసి మంచినీళ్లకి ఆగినట్టు ఆగి, అరుగు మీద కూర్చుని, ఇంటిని ఒకసారి కలయజూసి, అయ్యో అనేవారు. ఆ అయ్యో చాలు. ఇంటివాళ్లకి ఆ రాత్రి నుంచి నిద్ర ఉండేది కాదు. కొన్నాళ్లయ్యాక బావ వెళ్లి, దోషం ఉన్న ఇల్లు కదండీ, ఎవరు కొంటారండీ, అయినా మీ ఇబ్బంది చూసి అడుగుతున్నాను అనేవాడు. కొన్నాక నేను గేటు కాస్త పక్కకి జరిపేవాణ్ని, ఒక గోడ కొట్టేవాణ్ని, రంగులు వేయించేవాణ్ని. అదే సిద్ధాంతి గారు వచ్చి, ఇప్పుడు ఈ ఇంటికి తిరుగులేదనేవారు. ఇళ్లలో పెట్టుబడి పెట్టడం ఎలాగో చెబుతామంటూ ఈ మధ్య ఊరూరా మీటింగులు పెడుతున్నారు. దాని అసలు పాఠం నేను ఆ అరుగుల మీద చూశాను.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. అమ్మే ప్రతి ఇంట్లోనూ బావ ముందు తనే గృహప్రవేశం చేసేవాడు. అక్క పట్టుచీర కట్టుకుని, కొత్త పొయ్యి మీద పాలు పొంగించి, బావ పక్కన పీటల మీద కూర్చుని సత్యనారాయణ వ్రతం చేసుకునేది. కొనబోయేవాళ్లని ఆ రోజు భోజనానికి పిలిచేవాడు. 'దంపతులు పాలు పొంగించిన ఇల్లండి, ఇహ మీకు చూసుకునే పని లేదు' అనేవాడు. అక్క ఎన్ని ఇళ్లలో పాలు పొంగించిందో లెక్క లేదు. ఉండేది మాత్రం అమలాపురంలో ఒక అద్దె వాటాలో, ఇరుకు వంటింట్లో. వ్రతం అయ్యాక పట్టుచీర మడిచి పెట్టెలో పెట్టుకుని, ఆ వంటింటికే తిరిగి వచ్చేది. ఈసారి ఇల్లు మనకే ఉంచుకుందాం అని ఒకటి రెండుసార్లు అడిగిందట. ఇంకా మంచిది చూద్దాంలే అన్నాడట బావ. అమ్మ ఆ సంగతి చెప్పినప్పుడు నాన్న తినే కంచంలోంచి తలెత్తలేదు.

మా ఊళ్లో సుబ్బారాయుడు గారిది ఉత్తరం ముఖం పెంకుటిల్లు. వెనక పెరట్లో తూర్పు మూలన, అంటే ఆగ్నేయంలో, ఒక నుయ్యి ఉండేది. మా చుట్టుపక్కల అంత తియ్యటి నీళ్లు మరెక్కడా లేవు. స్లాబు వేసే రోజు మేము కూడా అక్కణ్నుంచే బండి మీద పీపాలతో నీళ్లు తెచ్చుకునేవాళ్లం. దొడ్డి గుమ్మం అవతల క్రైస్తవుల పేట. పూర్వం వాళ్లు బిందెలు కింద పెట్టి దూరంగా నిలబడితే, ఇంటివాళ్లు తోడి పోసేవారట. ఒక తుఫానుకి సముద్రం ముందుకొచ్చి అన్ని నూతుల్లోనూ ఉప్పునీళ్లు నిండిపోయాయి. ఈ ఒక్క నుయ్యే మిగిలింది. సుబ్బారాయుడు గారి తల్లి దొడ్డి గుమ్మం గడియ ఊడపీకించి, ఇకనుంచి ఎవరి నీళ్లు వాళ్లు తోడుకోండి అందట. ఆ గుమ్మానికి మళ్లీ ఎవరూ గడియ పెట్టలేదు. తెల్లవారుజామున గిలక చప్పుడు, ఆడవాళ్ల మాటలు, రాతి చప్టా మీద బిందెలు పెట్టిన చప్పుడు మా ఇంటిదాకా వినిపించేవి. ఆ నూతి గట్టు ఒరిగిపోతే మళ్లీ కట్టింది నాన్నే.

సుబ్బారాయుడు గారి భార్యకి ఉబ్బసం. సిద్ధాంతి గారు ఆ అరుగు మీదా కూర్చున్నారు. అగ్ని ఉండాల్సిన మూలలో నీళ్లుంటే ఇంటి ఇల్లాలి ప్రాణం నిలవదన్నారు. పాపం, ఆయన వట్టి మంచివాడు. భార్యని బతికించుకోవాలని, బావ ఇచ్చింది పుచ్చుకుని కాకినాడ వెళ్లిపోయాడు. అక్కడ అద్దె ఇంట్లో, నీళ్లు సరైన మూలలోనే ఉన్న ఇంట్లో, ఆవిడ ఎక్కువకాలం బతకలేదు. ఈ సంగతి తెలిసినప్పుడు బావ అయ్యో పాపం అన్నాడు. ఆయన అయ్యో కూడా సిద్ధాంతి గారి దగ్గర నేర్చుకున్నదే. ఆ ఇంటికోసం బావ చేతిలో ఉన్నదంతా పెట్టాడు. చాలకపోతే అక్క నగలు కూడా తాకట్టు పెట్టాడు. అక్క అమ్మకి చెప్పుకుని ఏడిచింది, అమ్మ నాన్నకి చెప్పింది. కొనడానికి వచ్చింది గ్యాసు పనుల మీద వచ్చిన ఒక ఆఫీసరు గారు. వాస్తు పట్టింపు బాగా ఉన్నవాడు. నుయ్యి ఆ మూలలో ఉంటే వద్దనేశాడు.

పేటలోని ప్రాథమిక పాఠశాలకి కరుణమ్మ గారు హెడ్‌మిస్ట్రెస్. సన్నగా, నిటారుగా, ఎప్పుడూ తెల్లటి నేతచీరలో ఉండేది. పని మొదలైన రోజే వచ్చి నుయ్యి సంగతి ఏమిటని అడిగింది. మంచినీళ్ల నుయ్యి మూస్తామాండీ, పాపం కాదాండీ అన్నాడు బావ. ఆవిడ వెళ్లాక నాతో, చూద్దాంలే అన్నాడు. నాకో ఆలోచన వచ్చింది. నూతికి ఇవతలగా కొత్త ప్రహరీ కట్టేస్తే, నుయ్యి ఇంటి స్థలంలోంచి బయటికి పోతుంది. ఇంటికి దోషం ఉండదు, పేటకి నుయ్యి ఉంటుంది. సిద్ధాంతి గారు కూడా అది శాస్త్ర సమ్మతమేనన్నారు. బావ ఆయ్, బ్రహ్మాండంగా ఉంది అన్నాడు. ప్రహరీకి ముగ్గు కూడా పోశాను. కరుణమ్మ గారికి చెబితే ఎంతో సంతోషించి, తన పిల్లల చేత నూతి చుట్టూ గడ్డి పీకించింది. ఆ రోజుల్లో నా పనంటే నాకు గర్వంగా ఉన్న సందర్భం అదొక్కటే.

తర్వాత ద్రాక్షారామంలో యాత్రికుల సత్రానికి స్లాబు వేయాల్సి వచ్చి, ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి గోదావరి అవతలికి వెళ్లాను. స్లాబు తడుపుతూ కొన్నాళ్లు అక్కడే ఉండిపోయాను. తిరిగొచ్చేసరికి దొడ్డి గుమ్మానికి కొత్త తాళం ఉంది. బయట ఆడవాళ్లు ఖాళీ బిందెలతో నిలబడి ఉన్నారు. గోడ మీంచి చూస్తే నుయ్యి లేదు. మేం కొట్టేసిన గోడల రద్దు, పగిలిన పెంకులు, పాత గచ్చు ముక్కలు అన్నీ అందులో పోసేశారు. పైన రొయ్యల చెరువులోంచి తోడిన నల్లమట్టి కప్పారు. నాన్న కట్టిన గట్టు ఆనవాలు కూడా లేదు. నా మనుషులు మేం చెయ్యం అంటే, పై ఊరి నుంచి కూలీల్ని తెచ్చి చేయించాడట. అమలాపురం వెళ్లి బావని నిలదీశాను. వెనక తారురోడ్డు పడుతోందనీ, నూతి వైపు నేల వదిలేస్తే రేపు రోడ్డు మీదకి నాలుగు కొట్లు కట్టుకునే చోటు పోతుందనీ చాలా శాంతంగా చెప్పాడు. పేటవాళ్ల సంగతేంటి అన్నాను. గవర్నమెంటు ఉంది కదరా అన్నాడు. ఈశాన్యంలో బోరు వేయించాడు. లోతుకి దించారు, ఉప్పునీళ్లు పడ్డాయి. మూల మాత్రం సరైనదే.

గృహప్రవేశానికి బావ అందరినీ పిలిచాడు. కరుణమ్మ గారికి కూడా కార్డు పంపాడు, మర్యాదస్తుడు కదా. ఆవిడ వస్తుందని ఎవరూ అనుకోలేదు. వచ్చింది. కొత్త రంగుల వాసన, అగరొత్తులు, నేతి వాసన. అక్క పసుపు పాదాలతో, చేతికి వ్రతం తోరంతో అటూ ఇటూ తిరుగుతోంది. మొహంలో నవ్వుంది గానీ రంగు లేదు. ఆఫీసరు గారూ, ఆయన భార్యా మొదటి బంతిలో కూర్చున్నారు. ఆ పూట బేరం ఖాయమైతేనే అక్క నగలు వెనక్కి వస్తాయి. అది మా ఇంట్లో అందరికీ తెలుసు. కరుణమ్మ గారు విస్తరి ముందు కూర్చుని, అన్నం ముట్టకుండా ముందు గ్లాసెత్తి నీళ్లు తాగింది. గ్లాసు దించి, గొంతు పెంచకుండా అంది.

"సూర్రావు గారూ, నీళ్లు ఉప్పగా ఉన్నాయండి."

ఆఫీసరు గారు నోటిదాకా తీసుకెళ్లిన గ్లాసు కింద పెట్టేశాడు. బావ నవ్వు చెదరలేదు. కొత్త బోరు కదండీ, కాస్త తోడితే తేరుకుంటాయండీ అన్నాడు. ఆఫీసరు గారి భార్య ఆయన వైపు చూసింది. అప్పుడు బావ చుట్టూ చూసి, గుమ్మం పక్కన నిలబడ్డ నాన్న దగ్గర ఆగాడు.

"మనకి వాదనెందుకండీ. మా మావయ్య గారు ఇక్కడే ఉన్నారు. ఆయన నాలుక సంగతి ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసండి. మావయ్య గారూ, మీరు ఉప్పంటే ఉప్పేనండి. ఓ గుక్క తాగి చెప్పండి."

కరుణమ్మ గారు కూడా నాన్న వైపే తిరిగింది. ఆవిడ మొహంలో ఎంత నమ్మకం ఉందో నాకు బాగా గుర్తు. ఆవిడ ఇల్లు కట్టినప్పుడు, మొదట తవ్విన నూతి నీళ్లు బాగోలేవని పని ఆపించింది నాన్నే. నేను నోరు తెరవబోతే అమ్మ వెనకనుంచి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గ్లాసు నాన్న చేతికి వచ్చింది. ఆయన కళ్లు మూసుకోలేదు. పుక్కిట పట్టలేదు. అక్క వైపు ఒకసారి చూసి, గ్లాసులో ఉన్నదంతా గటగటా తాగేశాడు.

"మంచినీళ్లేనమ్మా," అన్నాడు.

ఆయ్, మంచినీళ్లేనండి అని ఇంకెవరో అన్నారు. తర్వాత బంతిలో చాలామంది అన్నారు. అందరూ ఆ నీళ్లే తాగుతున్నారు. కరుణమ్మ గారు నాన్న వైపు కాసేపు చూసి, మీరన్నారు కాబట్టి సరేనండి మేస్త్రి గారూ అంది. చెయ్యి కడుక్కుని వెళ్లిపోయింది. విస్తరి అలాగే ఉండిపోయింది. ఆఫీసరు గారు ఆ గ్లాసు మళ్లీ ఎత్తకుండానే, నాన్న మాట మీద అడ్వాన్సు ఆ సాయంత్రమే ఇచ్చాడు. రిజిస్ట్రేషన్ అయ్యాక గానీ ఆయనకి నీళ్ల సంగతి తెలియలేదు. తెలిశాక నా మీదకి వచ్చాడు. బావ దగ్గరికి వెళ్లండి అన్నాను. బావ అప్పటికి రాజోలు వైపు ఇంకో ఇంటి అరుగు మీద ఉన్నాడు.

బావతో పని చేయడం ఆ రోజుతో మానేశాను. దాన్ని గొప్పగా చెప్పుకోను, మానేయకపోతే ఆశ్చర్యపోవాలి. నాన్న సంగతే చెప్పాలి. మర్నాడు ఎవరో కొత్త నుయ్యి తవ్వాం, వచ్చి చూడమని కబురు పెడితే, నాకు జ్వరం, నోరు చేదుగా ఉందన్నాడు. ఆ తర్వాత ఇంకెవరో పిలిచారు, అదే మాట. కొన్నాళ్లకి పిలవడం మానేశారు. సైట్ల దగ్గరికి వచ్చేవాడు, ఇటుకలు చూసేవాడు, గోడ నిలువు చూసేవాడు, నీళ్ల పీపా దగ్గరికి మాత్రం వచ్చేవాడు కాదు. పేటవాళ్లు పొరుగూరి చెరువు నుంచి నీళ్లు మోసుకున్నారు. కరుణమ్మ గారు ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, రిటైరయ్యే ముందు ఒక కుళాయి వేయించింది. మా ఇంటికి మళ్లీ రాలేదు. నాన్న గురించి ఎవరి దగ్గరా చెడ్డమాట అనలేదని మాత్రం విన్నాను. నాన్న పోయినప్పుడు వచ్చి, పాదాల దగ్గర కాసేపు నిలబడి వెళ్లింది.

ఇప్పుడు మా వైపు నుయ్యి ఉన్న ఇల్లు వెతకాలి. కొబ్బరితోటలు ప్లాట్లయ్యాయి. దిండి నుంచి ఇటు దాకా గోదావరి కనిపించే ప్రతి గజానికీ ఎవరో ఒకరు అడ్వాన్సు ఇచ్చి ఉన్నారు. ఇల్లు కొనడానికి వచ్చేవాళ్లు సీలింగు లైట్లు చూస్తారు, వంటింట్లో చెక్క పని చూస్తారు, గేటు ఎటు ఉందో చూస్తారు. నీళ్లెలా ఉంటాయండీ అని అడిగినవాణ్ని ఈ మధ్యకాలంలో నేను చూడలేదు. ఎందుకడుగుతారు, తాగేది ఎలాగూ క్యానులోదే. ఆ క్యాన్లు మా ఊరికీ, పేటకీ వేసేది ఎవరనుకున్నారు. బావ చివరి రోజుల్లో పెట్టిన వాటర్ ప్లాంటే. ఇల్లు అమ్మితే ఒకసారే డబ్బు, నీళ్లయితే రోజూ అని తనే నాతో ఒక పెళ్లిలో అన్నాడు. సిగ్గుపడతాడేమో అని మొహంలోకి చూశాను. లేదు, నాకేదో వ్యాపార రహస్యం చెబుతున్నట్టే ఉన్నాడు. అలాంటివాణ్ని గూడు కల్పించిన మహనీయుడని రాస్తే, మా నాన్నని ఏమని రాయాలి?

నిన్న అక్క తనే వచ్చింది, పేజీలు అయ్యాయా అని. మనిషి బాగా తగ్గింది. కుర్చీలో కూర్చుని, చేతిరుమాలుతో మొహం తుడుచుకుంది. మిగతాది నీ ఇష్టం వచ్చినట్టు రాసుకో, ఒక్కటి మాత్రం మర్చిపోకు అంది. సుబ్బారాయుడు గారి ఇంట్లో గృహప్రవేశం రోజు, నాన్న ఆ నీళ్లు మంచినీళ్లని అందరిలో చెప్పాడు కదా, అది రాయమంది. ఇన్నేళ్లుగా దాచుకున్న కోపమంతా బయటికి వచ్చేసింది.

"అబద్ధం చెప్పాడక్కా. బావ కోసం కాదు, నీ నగల కోసం. ఆయన జన్మకల్లా ఆడిన అబద్ధం అదొక్కటే. అది మీ ఆయన పుస్తకంలో వేసుకుంటావా?"

అక్క చేతిరుమాలు మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"తెలుసురా. ఆ రోజు తర్వాత నాన్న మా ఇంట్లో గుక్కెడు నీళ్లు తాగలేదు. ఎర్రటెండలో సైకిలు తొక్కుకుని వచ్చి కూడా, దాహం లేదమ్మా అనేవాడు. నేను గ్లాసు పట్టుకుని అలా నిలబడే ఉండేదాన్ని. రాస్తే ఆయన తాగిందీ, తాగనిదీ రెండూ రాయి."